పళ్ళేనికి అయిదు గింజలు

థాంక్స్‌గివింగ్ పండగకి ముందు రోజు, బుధవారం పొద్దున పది గంటలకి లొవీనా థేయర్ ఒక చేతిలో ఆపిల్ పెట్టి కాల్చిన పై రొట్టె, ఇంకో చేతిలో గుమ్మడి పై పట్టుకుని రోడ్డు దాటి, తమ్ముడి వంటింటి తలుపు మోచేత్తో తోసింది. ఆమెకి అరవై ఆరేళ్ళు. అందులో అరవై ఏళ్ళు ఆ ఇంట్లోనే గడిచాయి. ఇల్లు ఇప్పుడు తమ్ముడు మెరిల్‌ది, అతని పెళ్ళాం కొరీన్‌ది అన్న మాట ఆరేళ్ళుగా ఆమె చెవిన పడుతూనే ఉంది కానీ బుర్రకెక్కడం లేదు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అనలేదు. మెరిల్ యాభై రెండో ఏట, ఇంక చేసుకోడులే అని ఆ కొండమీది ఊరి జనమంతా తేల్చేశాక, హార్ట్‌ఫర్డ్ పట్నం నుంచి కొరీన్‌ని పెళ్ళి చేసుకుని తెచ్చాడు. ఆ వారంలోనే లొవీనా తన మంచం, కుట్టుమిషను, రేడియో మోయించుకుని రోడ్డవతల పాలేరు ఉండి వెళ్ళిన చిన్న ఇంట్లోకి మారిపోయింది. పొమ్మనలేక పొగపెట్టారని చర్చిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పింది. పొగ ఎవరూ పెట్టలేదు. కొరీన్ ఆవిడ గదికి కొత్త కర్టెన్లు కుట్టించింది, అంతే. ఆ కర్టెన్లే పొగ అంటుంది లొవీనా.

పెద్దింట్లో ఆమెదంటూ మిగిలింది ఒక్కటే. అటక మీద, పొగగొట్టం ఇటుకల పక్కన, జడలుగా అల్లి దండేనికి వేలాడదీసిన నలభై విత్తనపు పొత్తులు. చిన్నింట్లో చెమ్మ ఎక్కువ, విత్తనం బూజు పడుతుంది. అందుకని అవి అక్కడే ఉంటాయన్నది అక్కాతమ్ముళ్ళ ఒప్పందం. అటకెక్కే హక్కు లొవీనాది, నిచ్చెన పట్టుకునే పని మెరిల్‌ది.

అంగట్లో దొరికే పచ్చని మొక్కజొన్న కాదది. ముదురు ఎరుపు, పొత్తుకి ఎనిమిదే వరసలు, ఎండితే రాయి. థేయర్లలో మొదటివాడు ఈ కొండ మీద చెట్లు కొట్టి పొలం చేసిన ఏడు నాటింది. నూట అరవై ఏళ్ళుగా ఏ ఏడూ తప్పకుండా ఆ పొలంలోనే పండి, ఆ అటక మీదే ఎండి, మళ్ళీ ఆ పొలంలోనే పడింది. ఇంకెక్కడా లేదు. లేకుండా చూసుకున్నది లొవీనాయే. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. కింది పొలం రాయిస్ పెల్కీ, భార్య పోయిన ముసలాయన, పన్నెండేళ్ళ నుంచి గుప్పెడు గింజలిమ్మని అడుగుతున్నాడు. వ్యవసాయ కళాశాల వాళ్ళు కారేసుకొచ్చి అడిగితే కుక్కని వదిలింది. థేయర్ గింజ థేయర్ మట్టిలోనే మొలవాలని ఆమె పంతం.

ఈ ఏడు ఆ పంతానికి పెద్ద పరీక్షే అయింది. మే నెలాఖరున నాటింది జూన్ పదో తారీఖు మంచుకి మాడిపోయింది. దాచిన పాత విత్తనమంతా ఊడ్చి మళ్ళీ నాటింది. సెప్టెంబరులో ఎలుగుబంటి వచ్చి సగం చేను పొర్లింది. మిగిలిన దాంట్లో మంచివి ఏరి నలభై పొత్తులు కట్టి, తక్కినవి పిండి పట్టించేసింది. ఆ నలభై పొత్తులూ పోతే ఇంక ఆ జాతి లేదు. దసరాకి బొమ్మలు పేర్చినంత శ్రద్ధగా వారం వారం అటకెక్కి వాటిని చూసుకునేది, పిల్లి తన కూనల్ని చూసుకున్నట్టు వాసన చూసుకునేది.

పైలు వంటింట్లో పెట్టి భోజనాల గదిలోకి తొంగి చూస్తే అక్కడ అమ్మనాటి బల్ల లేదు. దాన్ని గోడకి నెట్టేసి, దాని చోట రెండు చెక్క స్టాండ్ల మీద పశువుల కొట్టం తలుపు పడుకోబెట్టి ఉంది. ఇనప బందులు కూడా తీయలేదు. తలుపు మీద పొడుగునా దాణా బస్తాలు విప్పి కుట్టిన గోనెపట్టా, బస్తా మీది అచ్చు పైకి కనిపించేలా. అమ్మ పళ్ళు నిలవబెట్టే గాజు సీసాల మెడకి పురికొస చుట్టి లోపల కొవ్వొత్తులు నిలబెట్టారు. మేపుల్ చెట్ల నీళ్ళు పట్టే తగరపు బకెట్లలో ఎండిన పూలు. నాన్న పాలలో వెన్నెంతుందో చూసే సన్నమెడ సీసాల్లో తలా ఒక గడ్డివెన్ను. పళ్ళేల కింద బిర్చ్ మొద్దు కోసిన బిళ్ళలు. నడిమధ్యన గుర్రం మెడపట్టె, దానికి చుట్టిన ఎర్రకాయల తీగ. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే చీటీలు ఆవుల చెవులకి తగిలించే ఇత్తడి బిళ్ళల మీద అంటించి ఉన్నాయి. లొవీనా పేరున్న బిళ్ళ నలభై ఒకటో నంబరు. ఆ ఆవు ఆమెకి బాగా గుర్తు, తన్నేది.

కొరీన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. మూడు రోజులుగా కష్టపడినట్టు గోళ్ళే చెప్తున్నాయి. పోయినేడు దాకా పండగ బల్ల లొవీనా చెప్పినట్టే అయ్యేది. ఈసారి మెరిల్‌ని ఒప్పించి తన పద్ధతిలో పెట్టుకుంది.

"ఒక్క వస్తువు కొనలేదు. అంతా ఇక్కడిదే," అంది.

"అవును, ఒక్కటీ నీది కాదు," అంది లొవీనా.

అప్పుడు కనిపించాయి పొత్తులు. జడలు విప్పేసి, తొడుగులు వెనక్కి మడిచి, గోనెపట్టాకి రెండు పక్కలా వరసగా పేర్చి ఉన్నాయి, నలుపూ ఎరుపూ గళ్ళ రిబ్బను కట్టి. లొవీనాకి ఒళ్ళు మండింది. అయినా ఒక క్షణం ఓర్చుకుంది. సరే, చూడ్డానికి పెట్టింది, రేపు భోజనాలయ్యాక ఏరుకుపోయి మళ్ళీ అల్లుకుందాం అనుకుని ఒక పొత్తు చేతిలోకి తీసుకుంది. బొటనవేలి కింద గింజ కదిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వేపిన వాసన.

"వీటిని ఏం చేశావు?"

ఏమీ చెయ్యలేదంది కొరీన్. ఓవెన్లో పెట్టింది, సన్న సెగ మీద రెండేసి గంటలు, పురుగుంటే చస్తుందని. బయటివి ఏవి బల్ల మీద పెట్టినా తమ వైపు అందరూ అలాగే చేస్తారట. పైన్ కాయలూ పెట్టింది, ఓక్ కాయలూ పెట్టింది. పొత్తులకి నాలుగు విడతలు పట్టిందని కూడా చెప్పింది, కష్టం తెలియాలని.

లొవీనా దగ్గరున్న కుర్చీలో కూలబడింది. ఆమె అలా కూలబడడం కొరీన్ ఆరేళ్ళలో చూడలేదు, అందుకే భయం వేసింది.

"అది విత్తనం," అంది లొవీనా. "ఉన్నదంతా అదే. నువ్వు నా విత్తనాన్ని వేపావు."

కొరీన్ మొహం పాలిపోయింది. ముందు క్షమించమంది. రెండోసారి కూడా అంది. మూడోసారి అనేలోపు లొవీనా మొదలుపెట్టింది. అటక మీద విడిగా దండెం కట్టి వేలాడదీస్తే ఏమనుకున్నావు, అలంకారానికనుకున్నావా అంది. అవునంది కొరీన్, మా దుకాణాల్లో అలాగే వేలాడదీసి అమ్ముతారు, మెరిల్‌నడిగితే తీసుకో, మళ్ళీ అక్కడే పెట్టెయ్ అన్నాడు అంది. చదువుకున్నదానివి, ఆ మాత్రం బుర్ర లేదా అంది లొవీనా. తల్లి ఏం నేర్పి పంపిందో అని కూడా అంది. ఆ తల్లి ఫిలిస్, హార్ట్‌ఫర్డ్ నుంచి పండక్కి దిగి పక్క గదిలోనే ఉల్లిపాయలు ఒలుచుకుంటోంది. అది తెలిసే అంది.

అక్కడితో కొరీన్ క్షమాపణలు అయిపోయాయి.

"పోయినేడు పండగ బల్ల మీద నేను పెట్టిన ఓక్ కాయలోంచి ఒక పురుగు పాకింది. గుర్తుందా? రాయిస్ ముందు, మా అమ్మ ముందు, టర్కీ కోడి చాలదని పురుగులు కూడా వండిందా మా మరదలు అన్నావు. ఏడాదంతా చర్చిలో అదే చెప్పుకున్నావు. ఈ ఏడు ఇంకో పురుగు కనిపిస్తే చచ్చిపోతాననిపించి ఓవెన్లో పెట్టాను. ఆరేళ్ళలో ఈ ఇంట్లో ఏది ముట్టుకున్నా ముట్టుకోకు అన్నావు. ఎందుకు ముట్టుకోకూడదో ఒక్కసారి, ఒక్కదాని గురించి చెప్పావా?"

లొవీనా ఒక పొత్తు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

తన ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని చాకుతో ఒక గింజ నిలువునా కోసింది. బతికిన గింజలో మొలక కన్ను తెల్లగా మైనంలా ఉంటుంది. ఇది గోధుమరంగుకి తిరిగిపోయింది. పది గింజలు కోసింది. పదీ అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సాయంత్రం మెరిల్ వచ్చి, అటకంతా లైటేసి వెతికాను, ఒక్క పొత్తు కూడా మిగల్లేదని చెప్పి, టోపీ చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు. గోడ మీద పిల్లి వాటం మనిషి, అక్క దగ్గర అక్క మాట, ఇంట్లో పెళ్ళాం మాట. రేపు రావుగా అన్నాడు. రావద్దనే అర్థం అందులో కాస్త ఉంది. ఎందుకు రానంది లొవీనా. ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, కోపం కొంత కరిగేది.

థాంక్స్‌గివింగ్ నాడు మధ్యాహ్నం రెండింటికి అయిదుగురూ ఆ కొట్టం తలుపు చుట్టూ కూర్చున్నారు. మెరిల్ పొద్దున్నే జింకల వేటకి పోయి ఉత్త చేతుల్తో వచ్చాడు. ఫిలిస్ ముత్యాల దండ వేసుకుని, లొవీనా వైపు చూడకుండా కూర్చుంది. రాయిస్ పెల్కీ ఇస్త్రీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని వచ్చాడు. జరిగింది అతనికి అప్పటికే తెలుసు. కొండ మీద మాట రోడ్డు కంటే ముందు దిగుతుంది. లొవీనా ఇంటి పెద్దది కాబట్టి ఎప్పటిలాగే ఇనప పొయ్యి పక్క కుర్చీ ఆమెదే. టర్కీ, గుమ్మడి, మీగడలో ఉల్లిపాయలు, క్రాన్‌బెర్రీ పచ్చడి అన్నీ పెట్టి ఉన్నాయి. చచ్చిన విత్తనపు పొత్తులు వాటి మధ్య రిబ్బన్లతో మెరుస్తున్నాయి. వాటిని తీసేద్దామని కొరీన్ అనుకుందట, తీస్తే తప్పు ఒప్పుకున్నట్టని వాళ్ళమ్మ వద్దందట.

ప్రతి పళ్ళెంలోనూ అయిదు ఎర్ర గింజలు. సముద్రం దాటి ఈ దేశానికి మొదటొచ్చిన వాళ్ళు ఆకలి శీతాకాలంలో మనిషికి అయిదేసి గింజలు పంచుకు బతికారని చెప్తారు, నిజమో కాదో. ఆ గుర్తుగా భోజనానికి ముందు ఒక్కో గింజ తీసి, ఒక్కో మేలు తలుచుకోవాలి. తలుచుకున్న గింజని పొయ్యిలో వెయ్యడం థేయర్ల పద్ధతి. పెద్దవాళ్ళతో మొదలు.

లొవీనా పొయ్యి తలుపు తెరిచింది. నిప్పు బాగా రాజుకుని ఉంది. పళ్ళెంలోకి చూడనైనా చూడకుండా మొదటి గింజ తీసింది. ఏం చెప్పాలో రాత్రంతా నూరుకుని వచ్చింది.

"మా నాన్న ఈ తలుపు మీద తిండి తినే గతి పట్టకముందే పోయాడు. దేవుడికి స్తోత్రం," అని గింజ పొయ్యిలో వేసింది.

మెరిల్ అక్క పేరు నెమ్మదిగా పలికాడు. ఆమె రెండోది తీసింది.

"మా అమ్మ సీసాల్లో పళ్ళు నిలవబెట్టే ఆడది ఈ ఇంట్లో లేకపోయినా, కొవ్వొత్తులు నిలబెట్టే ఆడది దొరికింది. స్తోత్రం."

మూడోది తమ్ముడికి. అడిగినవాళ్ళకల్లా అవునని చెప్పడమే తప్ప, యాభై ఎనిమిదేళ్ళకీ వాడికి కాదనడం రాలేదనీ, వాణ్ణెవరూ ఆస్తిలో భాగం అడగలేదు కాబట్టి సరిపోయింది కానీ ఎవరైనా తల అడిగినా తీసుకో, మళ్ళీ అక్కడే పెట్టెయ్ అనేవాడనీ అంది. రాయిస్‌కి నవ్వొచ్చింది, దగ్గులోకి దింపేసుకున్నాడు. నాలుగోది ఫిలిస్‌కి. ఏది చేతికిచ్చినా ఓవెన్లో పెట్టే కూతుర్ని కన్నందుకు, మనవలు పుట్టనందుకు స్తోత్రమంది. ఫిలిస్ చేతిలో ఫోర్కు టంగుమని పళ్ళేనికి తగిలింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అన్న క్షణంలోనే లొవీనాకీ తెలిసింది. కానీ బండి దిగుడులో ఉంది, ఆగలేదు.

"నూట అరవై ఏళ్ళ జాతికి ఇంత అందంగా, పూలు పెట్టి, దీపాలు పెట్టి ఎవరు అంత్యక్రియలు చేస్తారు? స్తోత్రం కొరీన్," అని అయిదోదీ వేసేసింది.

కొరీన్ మెడదాకా ఎర్రబడి, ఒళ్ళో చేతులు బిగించుకుని కూర్చుంది. ఆ నిశ్శబ్దంలో పొయ్యిలోంచి టప్పుమని చప్పుడొచ్చింది.

లొవీనా చెయ్యి పొయ్యి తలుపు మీదే ఆగిపోయింది. గింజ పేలింది. లోపల తడి ఉంటేనే పేలుతుంది గింజ. రెండు గంటలు ఓవెన్లో ఎండి చచ్చింది మాడుతుంది తప్ప పేలదు. ఇది యాభై పంటలు పండించిన మనిషికి ఒకరు చెప్పాల్సింది కాదు. అంతకుముందు వేసిన నాలుగూ కూడా పేలే ఉంటాయి, తన గొంతు తనకి వినిపిస్తుంటే వాటి చప్పుడు ఎక్కడ వినిపిస్తుంది? వంగి చూసింది. బొగ్గుల మీద అయిదు తెల్లటి పూలు, చూస్తుండగానే నల్లబడ్డాయి.

రాయిస్ కూడా విన్నాడు. పళ్ళెంలో గింజ తీసి గోటితో నొక్కి, కిటికీ వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఇవి బతికే ఉన్నాయి," అన్నాడు.

అందరూ కొరీన్ వైపు తిరిగారు. ఆమెకి ముందు ఆ మాటే అర్థం కాలేదు. తర్వాత చెప్పింది. అటక మీంచి దింపుతుంటే ఒక పొత్తు ఎలక కొట్టి ఉంది, చూపుకి బాగాలేదు. దాన్ని ఓవెన్లో పెట్టలేదు. బాగున్న గింజలు ఏరితే సరిగ్గా పాతికొచ్చాయి, పళ్ళేలకి సరిపోయాయని పెట్టింది. తక్కిన ముక్కలు కోళ్ళకేసింది. విత్తనం కథ బయటపడ్డాక ఆ పళ్ళేల సంగతి ఆమెకి తట్టనే లేదు.

పాతికలో అయిదు పోయాయి. ఇంక ఇరవై, నాలుగు పళ్ళేల్లో.

లొవీనా రాయిస్ వైపు చెయ్యి చాపి, ఇటివ్వమంది.

"పన్నెండేళ్ళు నేనూ అలాగే చెయ్యి చాపాను," అన్నాడు రాయిస్. అయిదు గింజలూ పోగుచేసి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. "నాకొక గుప్పెడు, ఆ కళాశాల వాళ్ళకొక గుప్పెడు ఇచ్చి ఉంటే ఇవాళ ఎలక తిన్న పొత్తు కోసం దేవుళ్ళాడే పని ఉండేది కాదు. ఆ పిల్ల ఒక్కసారి ఓవెన్లో పెట్టింది. నువ్వు నూట అరవై ఏళ్ళదాన్ని ఒక్క దండేనికి వేలాడదీశావు."

మెరిల్ తన గింజలు అక్క వైపు తోశాడు. సగం దూరం తోసి భార్య మొహం చూసి ఆపేశాడు. అవి గోనెపట్టా మీద ఎటూ కాకుండా ఉండిపోయాయి. ఫిలిస్ లేచి, తన అయిదూ తెచ్చి కూతురి పళ్ళెంలో వేసింది. వేసి, మెరిల్ వదిలేసినవి కూడా ఏరి అక్కడే వేసింది. మనవల మాటకి జవాబు ఆమె అలా చెప్పింది. కొరీన్ పదిహేను గింజలూ అరచేతిలోకి తీసుకుని పిడికిలి మూసింది.

"అవి నావి," అంది లొవీనా.

"నీవి నువ్వు పొయ్యిలో వేసుకున్నావు. ఒక్కోదానికీ స్తోత్రం చెప్పి మరీ వేశావు. ఇవి నా బల్ల మీదవి."

"నువ్వేం చేసుకుంటావు వాటిని? ఇంకో దండ గుచ్చుతావా?"

"నాటుతాను. వంటింటి వెనక, నా నేలలో."

లొవీనా నవ్వింది, ఆ నవ్వులో నవ్వేమీ లేదు. ఇంక కూర్చోలేక లేచి, కొక్కేనికున్న కోటు తీసి ఒక చెయ్యి తొడుక్కుంది. ఎవరూ ఆపలేదు. మెరిల్ కత్తి పట్టుకుని, ఇంకా కొయ్యని టర్కీ వైపే చూస్తున్నాడు. రాయిస్ కొరీన్‌తో, అమ్మాయ్, నా అయిదూ నీ పదిహేనుతో కలిపే పెట్టాలి, విడివిడిగా పెడితే పుప్పొడి అందక పొత్తు నిండదు అంటున్నాడు. ఎప్పుడు పెడదామని అడిగింది కొరీన్. ఏప్రిల్లో మంచు కరగ్గానే పెట్టేస్తే తొందరగా ఎదుగుతాయేమో అంది. రాయిస్ తల గోక్కున్నాడు. తన పచ్చ మొక్కజొన్న సంగతి తెలుసు కానీ ఈ ఎర్రది తానెప్పుడూ చేత్తో పెట్టలేదన్నాడు.

లొవీనా రెండో చెయ్యి కోటులో పెట్టింది. గుండీలు పెట్టుకుంది. తలుపు దాకా నడిచింది. బయట రోడ్డవతల తన చిన్నిల్లు, దాని పక్కన కోసేసిన చేను కనిపిస్తున్నాయి. వెళ్ళిపోతే ఏప్రిల్లో పెడతారు. పెడితే వారంలో కుళ్ళుతాయి. కుళ్ళితే ఆ తప్పు కొరీన్‌ది అవుతుంది, చచ్చేదాకా ఆ మాట అనుకుంటూ బతకొచ్చు. ఆ సుఖం ఎంత తియ్యగా ఉంటుందో లొవీనాకి తెలుసు. ఆరేళ్ళుగా దాని మీదే బతుకుతోంది. అంత తియ్యటిదాన్ని చేతిలోకి తీసుకుని చూసింది, కాసేపు తూచింది. ఇరవై గింజలు అంతకంటే బరువయ్యాయి.

"ఏప్రిల్లో పెడితే కుళ్ళి చస్తాయి," అంది, వెనక్కి తిరక్కుండానే.

వెనక కుర్చీ కదిలింది.

"ఎప్పుడు పెట్టాలి?" అంది కొరీన్. గొంతులో మెత్తదనమేమీ లేదు.

"ఓక్ ఆకు ఉడత చెవంత అయ్యాక. దానికి ఒక్కరోజు ముందు కూడా వద్దు. క్యాలెండరు చూసి పెడితే పోయిన జూన్లో నాకైనట్టే అవుతుంది."

కొరీన్ ఒక పేరు చీటీని ఇత్తడి బిళ్ళ మీంచి పీకి, వంటింట్లోంచి పెన్సిల్ తెచ్చి రాసుకుంది. లోతెంతని అడిగింది. వేలి రెండో కణుపు దాకా అంది లొవీనా. ఎడమెంతని అడిగింది. అడుగున్నర అంది, అలా అడ్డంగా ఒకే వరస కాదు, నాలుగు వరసలు చదరంగా, గాలి ఎటు వీచినా పుప్పొడి పక్కదాని మీద పడేట్టు. వంటింటి వెనక నేల పనికిరాదు, రాయిస్ పచ్చ మొక్కజొన్న అక్కడికి దగ్గర, దాని పుప్పొడి కలిసిందంటే గింజ మచ్చలు పడుతుంది. పడమర వాలులో, రాతిగోడ లోపల పెట్టాలి. మొలకొచ్చిన మొదటి పదిరోజులు తెల్లవారుజామున కాకుల్ని తోలాలి, దారం కట్టి కూర్చుంటే లాభం లేదు, మనిషి ఉండాలి. నిద్ర మానుకోవడం చేతనవునా నీకు అని కూడా అడిగింది. చేతనవునంది కొరీన్. చూస్తాగా అంది లొవీనా. ఇదంతా కోటు వేసుకుని, తలుపు పట్టుకుని, తిట్టే గొంతుతోనే చెప్పింది. ఆరేళ్ళలో ఆ ఇద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

టర్కీ చల్లారిపోయింది. మీగడ ఉల్లిపాయల మీద తొరక కట్టింది. ఆకలేసి మెరిల్ ఒక రొట్టెముక్క నోట్లో వేసుకున్నాడు. రాయిస్ చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని వింటున్నాడు.

చీటీ రెండు పక్కలా నిండాక కొరీన్ తలెత్తింది. ఇరవైలో ఎన్ని మొలుస్తాయని అడిగింది.

"నాకేం తెలుసు? ఇరవైతో ఎప్పుడు మొదలెట్టాను కనక. రెండు వందల మొక్కలుంటేనే జాతి నిలబడుతుందంటారు." లొవీనా పొయ్యి వైపు చూసింది. పొయ్యి తలుపు తను తెరిచినట్టే ఉంది. "పాతికుంటే కొంచెం మేలయ్యేది."

ఆ మాట అన్నాక ఆమె తలుపు పిడి వదిలేసింది. ఎవరైనా, పర్వాలేదులే అంటారేమో అన్నట్టు ఒక్క క్షణం నిలబడింది.

"అయ్యేది," అంది కొరీన్. ఇంకో చీటీ పీకింది. "కలుపు ఎప్పుడు తియ్యాలి? చెప్పు."